గమేళా కూలి

స్లాబు వేసే రోజున కూలీల వరసలో ఎవరూ నిలబడడానికి ఇష్టపడని చోటొకటి ఉంటుంది. కింద మాలు కలిపే మిల్లరు దగ్గర గమేళా అనే ఇనపతట్టలోకి కాంక్రీటు పడుతుంది. అక్కణ్ణుంచి చేతులు మారుతూ చెక్కబల్లల మెట్ల మీదుగా పైకి పోతుంది. ఆ మెట్లు సగం దాకా వెళ్లి మలుపు తిరుగుతాయి. మలుపులో నిలబడ్డ మనిషి కిందనుంచి వచ్చిన బరువుని నడుం తిప్పి, తలపైకి లేపి, పైవాళ్ల చేతికి అందించాలి. పైనుంచి ఖాళీ గమేళాలు జారివస్తుంటే వాటినుంచి ఒళ్లు కాచుకోవాలి. అనకాపల్లిలో ఆ చోటు నూకరత్నానిది. ఆమె వచ్చిన రోజున ఇంకొకరు అక్కడికి ఎక్కరు. ఆమె కూడా ఎవర్నీ అడగకుండా, చీరకుచ్చెళ్లు పైకి దోపుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని పోయి నిలబడుతుంది.

ఆమెది మునగపాక పక్కన ఒక పల్లె. తండ్రికి సెంటు భూమి లేదు. చెరకు నరకడం, మోపులు కట్టడం, బెల్లం వండే చోట పిప్పి ఎండబెట్టడం, ఇవన్నీ పరికిణీ కట్టే వయసుకే వచ్చేశాయి. సత్తియ్యకిచ్చి పెళ్లి చేశాక అనకాపల్లి వచ్చింది. సత్తియ్య అప్పుడు బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసేవాడు. రానురాను రైతులు చెరకు తగ్గించేశారు. మార్కెట్టుకి బెల్లం రావడమూ తగ్గింది. మొదట సత్తియ్య ఇళ్ల పనికి పోయాడు. తర్వాత ఆమె కూడా పోయింది.

మొదటిరోజే గమేళా జారవిడిచింది. కాంక్రీటంతా మెట్ల మీద పడిపోయింది. మేస్త్రి నోటికొచ్చింది తిట్టాడు. వరసలో పక్కనున్న ముసలామె మాత్రం తిట్టలేదు. "ఎత్తాలని సూడకే గుంటా. ఎత్తితే బరువు. ఊపిరి ఒదుల్తూ పక్కోళ్లకి ఇచ్చీ, అంతే" అంది. ఆ మాట అర్థం కావడానికి నూకరత్నానికి ఒక ఎండాకాలం పట్టింది. అర్థమయ్యాక ఒళ్లునొప్పులు సగం పోయాయి. చేతుల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. సిమెంటు తిని తిని వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషను డిపోలో మిషను మీద వేలు పెడితే పట్టదు. డిపో అతను ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టించి, చివరికి సత్తియ్యని పంపించమంటాడు.

అయినా ఆమెకి ఆ పనంటే ఇష్టం. బస్సులో పోతున్నా, ఆటోలో పోతున్నా, ఏ మేడైనా కనబడితే "ఈ స్లాబు మాదే" అంటుంది. పక్కన కూచున్నది ఎవరైనా సరే. "ఊరంతా నీదే ఐతే పన్ను ఎవులు కడతారే?" అని సత్తియ్య నవ్వుతాడు.

ఆడకూలీల ముఠాకి ఆమెని పెద్దని ఎవరూ చెయ్యలేదు. ఆడవాళ్లు "రత్నమప్ప వత్తాదా?" అని అడిగి, వస్తుందంటేనే వచ్చేవాళ్లు. అది చూసి మేస్త్రిలు ముందు ఆమెకే ఫోను చెయ్యడం మొదలుపెట్టారు. అలా కుదిరిపోయింది.

మామూలు రోజుల్లో మగవాళ్లు గోతులు తవ్వుతారు, బస్తాలు మోస్తారు, ఆడవాళ్లు ఇటుకా ఇసకా అందిస్తారు. అప్పుడు మగవాళ్లకో కూలి, ఆడవాళ్లకో కూలి అంటే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. స్లాబు రోజున అలా కాదు. మగా ఆడా కలిసి ఒకే వరసలో నిలబడతారు. అదే గమేళా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి వస్తుంది. అయినా సాయంత్రం మగవాళ్లకి ఎనిమిది వందలు, ఆడవాళ్లకి ఆరువందలు. నూకరత్నానికి సరిగ్గా కింద మెట్టు మీద నిలబడి గమేళా అందించేది ఆమె మొగుడు సత్తియ్యే. ఇద్దరూ కలిసి ఇంటికొచ్చి కూలి గూట్లో పెడితే ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ. ఏళ్ల తరబడి అలాగే పెట్టారు. అది తప్పని ఆమెకి తెలియక కాదు. తెలిసినా ఎండలాగా, వానలాగా అదీ ఒకటని ఊరుకుంది.

వజీరున్నీసా ఇంటి స్లాబు రోజున ఆ ఊరుకోవడం పోయింది.

వజీరున్నీసా బజారు వెనక సందులో కుట్టు షాపు నడుపుతుంది. భర్త ఇమామ్ మంచి టైలరు. ఆయన పోయాక తనే మిషను తొక్కి, కొడుకు అతీక్‌ని చదివించింది. వాడి పెళ్లికి ముందు షాపు పైన రెండు గదులు వెయ్యాలనుకుంది. పని త్రినాథ్‌కి అప్పగించింది. త్రినాథ్ ఒకప్పుడు తాపీ పట్టినవాడే. ఇప్పుడు సొంతంగా ఇళ్లు ఒప్పుకుని కట్టిస్తున్నాడు. మోటారు సైకిలు దిగకుండానే నలుగురికి పని చెప్పగలడు. పెద్ద అపార్ట్‌మెంట్లకి ఇప్పుడు పంపు లారీలు వస్తున్నాయి. గొట్టం పైకెత్తితే స్లాబు అయిపోతుంది. వజీరున్నీసా సందులో లారీ తిరగదు. అక్కడ మనుషుల చేతులే కావాలి. అందుకని నూకరత్నం ముఠాని పిలిచాడు.

అది వేసవి నడిమధ్య. పొద్దున్నే వజీరున్నీసా ఫాతిహా చదివించి అందరికీ మిఠాయి పంచింది. మిల్లరు తిరిగింది. వరస కదిలింది. టీ తాగేవేళ బుజ్జి వచ్చి నూకరత్నం పక్కన చతికిలబడింది. బుజ్జి ముఠాలో అందరికన్నా చిన్నది, నోరున్నది.

"అప్పా, ఇన్నావా? మగోళ్లకి తొమ్మిది వందలు సేసేడంట. ఎండలెక్కువని ఆల్లు అడిగేరంట, ఈడు సరేనన్నాడంట."

"మరి మనకి?"

"మనకి ఎండ లేదు గదా" అంది బుజ్జి.

నూకరత్నం టీ గ్లాసు పెట్టేసి మలుపులోకి ఎక్కింది. కానీ ఆ మాట అప్పటికే ఆడవాళ్లందరి చెవినా పడింది.

స్లాబు రోజున భోజనాలు విడతల వారీగా చేస్తారు, మిల్లరు ఆగకూడదని. మగవాళ్లలో సగంమంది తిని వచ్చారు. తర్వాత ఆడవాళ్లు కూచున్నారు. తిన్నారు, చేతులు కడుక్కున్నారు, మళ్లీ ఆ గోడనీడలోనే కూచున్నారు. ఎవరూ లేవలేదు. మధ్యలో మనుషులు లేక వరస తెగిపోయింది. కింద నిండిన గమేళాలు నిండినట్టే ఉండిపోయాయి.

త్రినాథ్ పైనుంచి దబదబా దిగివచ్చాడు. "ఏటిది? లెగండి, లెగండి, పైన ఆరిపోతన్నాది."

"మగోళ్లకెంతో మాకూ అంత" అంది బుజ్జి. "ఇత్తానని సెప్పు, లెగుత్తాం."

"సాయంత్రం మాటాడుకుందాం."

"సాయంత్రం నీకు మాతో పనేటుంటాది?"

త్రినాథ్ ఇంటి గుమ్మం వైపు చూశాడు. వజీరున్నీసా లోపలెక్కడో ఉంది. గొంతు తగ్గించాడు. "సరే, ఇత్తాను. ముందు లెగండి."

"నోటిమాట కాదు. ఈ ఇంటి బీబమ్మని పిలిచి, ఆవిడ ముందర సెప్పు."

"నన్ను బెదిరిత్తన్నావేటి?" అని త్రినాథ్ కోపంగా ఫోను తీశాడు. తీశాడు గానీ, ఆ ఎండలో, ఆ వేళకి, ఎవర్ని పిలిచినా రారని అతనికీ తెలుసు, వాళ్లకీ తెలుసు.

నూకరత్నం కూడా వాళ్లతోపాటే కూచుంది. బుజ్జి అన్న ప్రతి మాటా న్యాయమే అనిపించింది. అయితే ఆమె కళ్లు మాత్రం పైనే ఉన్నాయి. వేసిన కాంక్రీటు అంచు అక్కణ్ణుంచి కొంచెం కనబడుతోంది. ఎండకి అంచు అప్పుడే తెల్లబడుతోంది. అది గట్టిపడ్డాక కొత్త కాంక్రీటు పోస్తే రెండూ కలవవు. అతుకు పడిపోతుంది. గవరపాలెంలో తాము వేసిన ఒకింటికి మిల్లరు పాడై అలాగే అయింది. వాళ్లు ఎన్ని పూతలు పూసినా ఏటా వానకి ఆ గీత పొడవునా కారుతూనే ఉంది. ఆ ఇంటి ముందునుంచి పోయేటప్పుడు నూకరత్నం "ఈ స్లాబు మాదే" అనదు.

ఆమె లేచి నిలబడింది.

"లెగండర్రా. సాయంత్రం సూసుకుందాం."

"అప్పా, కూసో" అంది బుజ్జి ఆమె చెయ్యి పట్టుకుని. "కాసింతసేపు కూసో. ఆడు ఇచ్చీత్తాడు."

"ఇచ్చీత్తాడు. ఈలోపల అతుకు పడిపోద్ది. ఇల్లు ఈడిది కాదే, ఆ బీబమ్మది."

చెయ్యి విడిపించుకుని మెట్లెక్కి మలుపులో నిలబడింది. కింద మెట్టు మీద సత్తియ్య ఒక్కక్షణం ఆమె మొహంలోకి చూసి గమేళా అందించాడు. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లు లేచారు. బుజ్జి అందరికన్నా చివర వచ్చింది. స్లాబు మంచిగా పూర్తయింది.

సాయంత్రం త్రినాథ్ ఆడవాళ్ల చేతిలో ఆరువందలే పెట్టాడు. మగవాళ్లకి తొమ్మిది వందలతో పాటు మందుకని పైనింకొంత ఇచ్చాడు.

"నువ్వు ఇత్తానన్నావు మేస్త్రీ" అంది నూకరత్నం.

"అప్పుడలా అనకపోతే మీరు లెగరు గదప్పా" అని నవ్వాడు త్రినాథ్. ఆ నవ్వులో కుళ్లు కూడా లేదు. పిల్లల్ని మాయచేసి అన్నం తినిపించినవాడి నవ్వు. "వచ్చే స్లాబుకి సూద్దాంలే."

సందు చివర బుజ్జి ఆగింది. "ఆ ఇల్లు కారకుండా సూసేవప్పా. మా ఇళ్లు సూడలేదు" అంది. మిగతావాళ్లు ఏమీ అనకుండా నడిచిపోయారు. అనకుండా పోవడమే నూకరత్నానికి ఎక్కువ తగిలింది.

ఇంటికొచ్చాక సత్తియ్య కూలి గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కుని కూచున్నాడు. "మద్దినేళ కాసింత ఓర్సుకుంటే ఇచ్చేసేవోడు గదే. నువ్వే సెడగొట్టేవు."

"నువ్వూ అదే మాటంటావా?"

"ఉన్నమాటే."

"అయితే ఒకటి సెప్పు మావా. నువ్వు నా సేతికిచ్చిన గమేళాయే గదా నేను పైకిచ్చింది? దార్లో తేలికైపోనాదా?"

సత్తియ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేనేటి సేసేది? ఆడిచ్చేడు, తీసుకున్నాను" అన్నాడు. ఆ మాటకొస్తే అదీ ఉన్నమాటే. ఆమె పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ తర్వాత రెండు మూడు పనులకి నూకరత్నం ఫోను చేస్తే సగంమంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లు నలతగా ఉందన్నారు. బుజ్జి ఎత్తి, "నువ్వెల్లప్పా" అని పెట్టేసింది.

స్లాబు కింద చెక్కలు విప్పేసిన తర్వాత ఒకరోజు వజీరున్నీసా ఆమెని బజార్లో చూసి షాపులోకి పిలిచింది. స్టూలు వేసి కూచోబెట్టి, మంచినీళ్లిచ్చింది. మిషను మీద పని చేసుకునే నజ్మా అనే అమ్మాయి తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది.

"ఆ రోజు మధ్యాహ్నం మీరంతా కూచున్నారు కదా రత్నం, ఎందుకు? నేనడిగితే త్రినాథ్ ఎండదెబ్బన్నాడు."

నూకరత్నం దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తను ఎందుకు లేచిందో కూడా చెప్పింది. వజీరున్నీసా వింటూ చేతిలోని జాకెట్టు పక్కన పెట్టేసింది.

"నేనతనికి అడుగు లెక్కన ఇచ్చేశాను. లోపల ఎవరికెంత ఇస్తున్నాడో అడగలేదు. అడగాల్సింది."

"నువ్వడిగినా సెప్పడు బీబమ్మా."

"అది కాదు. మా షాపులో చూడు. జాకెట్టు కుట్టుకూలి ఒకటే. మావారున్నప్పుడు ఆయన కుట్టినా అంతే, నేను కుట్టినా అంతే. ఇప్పుడు ఈ నజ్మా కుట్టినా అంతే. కూలి జాకెట్టుకి. కుట్టింది మగాడా ఆడదా అని కుట్టించుకున్నవాళ్లు అడుగుతారా?"

నూకరత్నం ఆ మాట మనసులో రెండుమూడు సార్లు తిప్పుకుంది. ఇన్నాళ్లూ తన కడుపులో ఉన్నదే, పక్కనున్న మనిషి నోట్లోంచి వచ్చేసరికి చేతికందిన వస్తువులా అనిపించింది.

వజీరున్నీసా త్రినాథ్‌తో మాట్లాడతానంది, మాట్లాడింది కూడా. "ఆ గొడవలు మీకెందుకమ్మా, ప్లాస్టరింగుకి ఇసక ఎప్పుడు దింపమంటారో చెప్పండి" అన్నాడతను. ఇల్లు సగం అతని చేతిలో ఉంది. ఆవిడ ఇంకేమీ అనలేకపోయింది. ఆ సంగతి తెలిసి నూకరత్నానికి కోపం రాలేదు. మనం చేసుకోవాల్సిన పని ఇంకొకరు చేసిపెట్టరన్నది మాత్రం ఆమె మనసులో గట్టిపడింది.

ఆ ఆదివారం ముఠాలో ప్రతి ఇంటికీ పోయింది. కొందరు కూచోమన్నారు, కొందరు గుమ్మంలోనే మాట్లాడారు. ఆఖర్న బుజ్జి ఇంటికి వెళ్లింది. బుజ్జి బట్టలు ఉతుకుతోంది. చేతులు ఆపలేదు.

"ఆ రోజు నువ్వన్నది న్యాయమే" అంది నూకరత్నం. "నేను లేసింది కూడా తప్పు కాదు. రెండూ అలాగే ఉండనీ. ఇప్పుడు సెప్పేదినుకో. ఇంకముందు మొదటి గమేళా ఎత్తకముందే కూలి సెప్పించుకుందాం. మగోడికెంతో మనకంత. లేకపోతే మెట్టెక్కొద్దు."

"మళ్లీ సగంలో లెగిపోతావు నువ్వు."

"సగంలో కూసోడం నాకు సేతకాదే. ఆ మాట ముందే సెప్తన్నాను. మొదలెట్టకముందు కూసుంటాను. అప్పుడెవులొచ్చి బతిమాలినా లెగను."

"అప్పుడాడికి ఇంకో ముఠా దొరుకుతాది."

"దొరుకుతాది" అంది నూకరత్నం.

బుజ్జి ఆమె మొహం చూసి నవ్వేసింది. దొరకదని బుకాయిస్తుందనుకుంది మరి. చేతులు చీరకి తుడుచుకుని, లోపలికి రమ్మంది.

అనుకున్నట్టే అయింది. త్రినాథ్ తర్వాతి స్లాబుకి పిలిచినప్పుడు నూకరత్నం ఫోన్లోనే చెప్పేసింది. "అంత ధరకి నాకు కిట్టదప్పా. రోలుగుంట నించి మనుషుల్ని తెచ్చుకుంటాను" అన్నాడు. తెచ్చుకున్నాడు కూడా. ఆ పొద్దున నూకరత్నం, బుజ్జి ఇద్దరూ అక్కడికి వెళ్లారు. రోలుగుంట ఆడవాళ్లు అప్పుడే ఆటోలోంచి దిగి, చద్దన్నం గిన్నెలు గోడ పక్కన సర్దుకుంటున్నారు. వాళ్లకి పెద్ద అప్పలనర్సమ్మ, జుట్టు నెరిసిన గట్టిమనిషి. వీళ్లని చూడగానే చీర కొంగు నడుముకి బిగించింది.

"మేం దెబ్బలాటకి రాలేదొదినా" అంది నూకరత్నం.

"మరేటికొచ్చేరు?"

"మీకెంతిత్తానన్నాడు?"

"ఐదొందలు. ఆటో ఖర్సు ఆడిదే."

"మీ పక్కన నిలబడి అదే గమేళా అందుకునే మగోడికి తొమ్మిది వందలు. మేం మాకూ అంత కావాలన్నాం. అందుకే మిమ్మల్ని తెచ్చేడు."

అప్పలనర్సమ్మ తన వాళ్ల వైపు చూసింది. వాళ్లు మాటలాపి వింటున్నారు. "ఇంత దూరం వచ్చేం. ఇప్పుడు తిరిగెల్లిపోతే ఇంట్లో పొయ్యి ఎవులెలిగిత్తారు?" అంది.

"ఎల్లిపోమని సెప్పలేదు. తెలియాలని సెప్పేను."

మిల్లరు తిరిగింది. రోలుగుంట వాళ్లు వరసలో నిలబడ్డారు. నూకరత్నం, బుజ్జి కాసేపు చూసి వెనక్కొచ్చేశారు. దారంతా బుజ్జి "నువ్వు అడ్డంగా కూసోమంటే కూసుందును గదా" అని సణుగుతూనే ఉంది. "ఆల్ల పొట్ట మీదా?" అంది నూకరత్నం ఒకసారి.

ఆ నెల గట్టిగానే గడిచింది. స్లాబులు లేవు. మునగపాక పొలాల్లో కలుపులకి పోయింది. మధ్యలో ఒక ప్రహరీకి ఇటుకలందించింది. ముఠాలో ఇద్దరు వేరే మేస్త్రి దగ్గర పాత కూలికే పనికి వెళ్లిపోయారు. నూకరత్నం వాళ్లని ఏమీ అనలేదు. సత్తియ్య మాత్రం త్రినాథ్ దగ్గర పనికి పోతూనే ఉన్నాడు. ఒకరోజు తిరిగివచ్చి, "ఆ రోలుగుంటోళ్లు సాయంత్రం కూలి కాడ పెద్ద గొడవ సేసేరే. మాకెందుకు తక్కువని" అని చెప్పాడు. ఆమె చారు పోస్తూ ఆగింది.

ఆషాఢం మబ్బులు పట్టాక ఒక పొద్దున నూకరత్నం ఫోను మోగింది. తెలియని నంబరు.

"వదినా, నేను అప్పలనర్సమ్మని. మీ నంబరు మీ ఆయన్నడిగి తీసుకున్నాను. త్రినాథు మళ్లీ రమ్మంటన్నాడు. మీరేటంటన్నారు?"

"అప్పుడన్న మాటే వదినా."

"అయితే మాదీ అదే" అని అప్పలనర్సమ్మ పెట్టేసింది.

సాయంత్రానికి త్రినాథ్ మోటారు సైకిలు నూకరత్నం ఇంటి ముందు ఆగింది. ఈసారి దిగాడు. స్లాబుకి చెక్కలు కొట్టేశారు. ఇనుం కట్టేశారు. సిమెంటు దింపేశారు. వాన పడితే బస్తాలు గట్టిపడిపోతాయి. అవన్నీ అతను చెప్పాడు. ఆమె విని, మంచం మీద కూచోమంది.

"అప్పా, న్యాయంగా ఆలోసించు. మగోళ్లు సిమెంటు బస్తాలు మోత్తారు. మీరు మోత్తారా?"

"బస్తా మోసినోళ్లకి బస్తా కూలి ఏరేగా ఇయ్యి మేస్త్రీ, మేమొద్దనం. గమేళా మోసినోళ్లకి గమేళా కూలి. అది మగోడి సేతిలో ఉన్నా గమేళాయే, ఆడదాని సేతిలో ఉన్నా గమేళాయే."

"నాకేటి మిగుల్తాది మరి?"

"అది ఇల్లు ఒప్పుకున్నప్పుడు సూసుకో. మా సేతుల్లోంచి మిగుల్సుకోకు."

త్రినాథ్ తాళాల గుత్తి తిప్పుతూ కూచున్నాడు. లోపల్నించి సత్తియ్య టీ తెచ్చి ఇచ్చాడు గానీ ఇటూ అటూ ఏ మాటా కలపలేదు. టీ తాగాక త్రినాథ్ "సరే" అన్నాడు.

"ఆ సరే రేపు అందరి ముందరా అను" అంది నూకరత్నం.

మర్నాడు మిల్లరు తిప్పకముందు అతను అందరి ముందూ అన్నాడు, నేల చూస్తూ, గబగబా. అయినా అన్నాడు. మగవాళ్లలో ఒకడు గొణిగాడు, "ఆడోళ్లకి మనతో సమానమేటి బావా?" అని. సత్తియ్య వాడివైపు తిరిగాడు. "నా పైమెట్టు మీద నిలబడేది ఆవిడే బావా. ఆవిడ సెయ్యి జారితే గమేళా నా బుర్ర మీద పడతాది. ఆవిడికి సరిగ్గా ఇయ్యనీ." అందరూ నవ్వేశారు. నూకరత్నం కూడా నవ్వింది. కానీ మొగుడు ఆ మాట నలుగురిలో అన్నందుకు ఆమెకి లోపలెక్కడో చల్లగా తగిలింది.

ఆ సాయంత్రం మొదటిసారి వాళ్లిద్దరూ గూట్లో పెట్టిన కూలి ఒకటే అయింది. సత్తియ్య చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

అలాగని అనకాపల్లిలో అన్నీ మారిపోలేదు. మామూలు రోజుల్లో ఆడవాళ్ల కూలి ఇంకా తక్కువే. ఒక మేస్త్రి నూకరత్నాన్ని పిలవడం మానేశాడు. ఇంకొకడు సగం దాకా ఒప్పుకుని, మిగతాది వచ్చే ఏడంటున్నాడు. సందులు వెడల్పు చేసినచోట పంపు లారీలు వస్తున్నాయి, చేతులతో వేసే స్లాబులు తగ్గుతున్నాయి. బుజ్జి కాంక్రీటుని కుదిపి సర్దే వైబ్రేటరు పట్టడం నేర్చుకుంటానని త్రినాథ్ వెనక పడుతోంది. ఆ మధ్యాహ్నం సంగతి వచ్చినప్పుడల్లా బుజ్జి "ఇంకాసేపు కూసుంటే ఆరోజే ఇచ్చేసేవోడు" అంటుంది. నూకరత్నం "ఇచ్చేసేవోడు, స్లాబుకి అతుకు కూడా పడిపోయేది" అంటుంది. ఇద్దరూ ఒక్క మెట్టు దిగరు. మర్నాడు కలిసే పనికి పోతారు.

మొన్న చలికాలంలో త్రినాథ్ తన సొంతూరు కె. కోటపాడులో ఇల్లు మొదలుపెట్టాడు. ఆ ఊళ్లోనే కూలీలు దొరుకుతారు. అయినా స్లాబుకి అనకాపల్లి వచ్చి నూకరత్నాన్నే అడిగాడు.

"నా ఇంటిక్కూడా అదే కూలా అప్పా?"

"నీ ఇంటి కాంక్రీటు తేలిగ్గా ఉంటాదేటి?"

అతను నవ్వేశాడు. మబ్బు తెరిచిన రోజు చూసి ముఠా అంతా రెండు ఆటోల్లో వెళ్లారు. త్రినాథ్ తల్లి మిల్లరుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. సొంత ఇల్లు కదా, అతను పొద్దుటినుంచీ పైకీ కిందకీ తిరుగుతూ ఒక్కచోట నిలబడలేదు. భోజనాలవేళ వరస ఎక్కడా తెగలేదు. పొద్దు వాలకముందే స్లాబు అయిపోయింది. కింద నిలబడి మగా ఆడా చూడకుండా వరసగా అందరి చేతుల్లో కూలి పెట్టాడు.

ఆటో ఎక్కుతూ నూకరత్నం వెనక్కి తిరిగింది. "రేపు పొద్దున్నే స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నింపు మేస్త్రీ. మర్సిపోకు."

"నాకు సెప్తన్నావేటి?"

"మేస్త్రికి సెప్పక్కర్లేదు, ఇంటాయనికి సెప్పాలి" అంటూ ఆమె లోపల బుజ్జి పక్కన సర్దుకుని కూచుంది.